గురవమ్మత్త ఇత్తడి చెంబు

పోయిన నెల సేత్తూరు బస్సు దిగుతూ జారి మోకాలు చీరుకున్నాను. ఆస్పత్రిలో నర్సమ్మ కట్టుగుడ్డ ముక్కను నీళ్ళలో తడిపి గాయం మీద పెట్టగానే ఒక వాసన లేచింది. మందు వాసన కాదు, దాని అడుగున ఉండే వాసన. ఉడకబెట్టి, చలువ చేసి, ఎండలో ఆరేసిన నూలుగుడ్డ మళ్ళీ తడిసినప్పుడు వచ్చే వాసన. కొత్తగా సున్నం వేసిన గోడ మీద నాలుగు చినుకులు పడితే దాదాపు అలాగే ఉంటుంది. మోకాలి మంట మరిచిపోయి, నర్సమ్మ చెయ్యి పట్టుకుని ఆపి, చెప్పడం మొదలుపెట్టాను.

ఆ పిల్లకు అరవంలో చెప్పింది మీకు తెలుగులో చెబుతాను. ఒకప్పుడు తమిళనాడంతా నెత్తిన పెట్టుకున్న ఒక సినిమా హీరో మా కొండ కింద షూటింగుకు వచ్చి, నొసలు పగిలి నెత్తురు కారుతూ పడిపోతే, ఆ నెత్తురు ఆపింది నేను. నా చేతులతో ఉడకబెట్టి, నా చేతులతో ఆరేసిన గుడ్డను నా చేతులతోనే ఆయన తలకు చుట్టాను. ఆయన కళ్ళు తెరిచి "నీ పేరేంటి తంబీ?" అని అడిగాడు. ఈ సంగతి ఏ పేపర్లోనూ రాలేదు. సినిమా కంపెనీ వాళ్ళు రానివ్వలేదు.

"నిజంగానా తాతా?" అంది నర్సమ్మ.

"నిజం" అన్నాను. అంటుండగా నా చూపు పక్కనున్న నీళ్ళ గిన్నె మీద పడింది. ఆమె కత్తిరించగా మిగిలిన ముక్క ఒకటి అందులో పడింది. ఒక్క క్షణం పైన నిలిచి, నాలుగు వైపుల నుంచీ నీళ్ళు తాగి, నెమ్మదిగా అడుక్కి పోయింది. గురవమ్మత్త గుర్తొచ్చింది. నోరు మూసుకున్నాను.

మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. మా ఊరినే చూసి ఉండరు. రాజపాళయంలో మా ఇళ్ళలో మాట తెలుగు, రాత అరవం. మధుర నాయక రాజుల కాలంలో ఇటు వచ్చామంటారు, ఎవరు చూశారు? తెలుగు అక్షరాలు నాకు యాభై దాటాక, తిరుపతిలో ఉద్యోగం చేసే మేనల్లుడు తెచ్చిచ్చిన వాచకాల్లోంచి వచ్చాయి. అందుకే నా రాత నా మాట కన్నా కాస్త ఇస్త్రీ చొక్కా వేసుకున్నట్టు ఉంటుంది. మా మనుషులు మాట్లాడేచోట మాత్రం ఆ చొక్కా విప్పేస్తాను.

గురవమ్మాళ్ మా కట్టుగుడ్డ షెడ్డులో చెక్కింగు చూసేది. మా వైపు పత్తి, నూలు, మగ్గాలు ఎక్కువ. మగ్గం మీద నుంచి వచ్చే గుడ్డ పచ్చిగా, గంజితో బిర్రుగా ఉంటుంది. నేసేటప్పుడు పోగు తెగకుండా గంజి పెడతారు. ఆ గంజి చుక్క మిగలకుండా పెద్ద కాగుల్లో ఉడకబెట్టి, చలువ చేసి, ఆరేసి ఇస్తే, లోపల ఆడవాళ్ళు కత్తిరించి చుట్టలు చుడతారు. ఉడకబెట్టేది, ఆరేసేది నేను. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు, మగ్గాల దగ్గర రెండేళ్ళు చేసి వచ్చినవాణ్ణి, నాకన్నీ తెలుసు అనుకునేవాణ్ణి. నా గుడ్డ గాయానికి పనికొస్తుందో లేదో తేల్చేది ఆమె. యాభై దాటిన మనిషి, పొడుగు. కళ్ళద్దాల కాడ ఒకటి విరిగిపోతే కట్టుగుడ్డ పీలికతో చెవికి ముడేసుకుంది. కొత్త కాడ వేయించుకోమంటే, "కళ్ళద్దం చూడను ఉండాది, చూపించను కాదు" అనేది.

ఆమె ముందు ఎప్పుడూ ఒక ఇత్తడి చెంబు నిండా నీళ్ళు. గుడ్డలోంచి ముక్క కత్తిరించి, మడిచి, నీళ్ళ మీద వదిలి, పెదవులు కదుపుతూ పది లెక్కపెట్టేది. పది లోపల మునిగితే మంచి గుడ్డ. గంజి పూర్తిగా వదలని గుడ్డ నీళ్ళు పీల్చదు, తేలుతుంది. నీళ్ళు పీల్చనిది నెత్తురూ పీల్చదు. చిత్రమేమిటంటే చేతిలో పట్టుకుంటే అదే దిట్టంగా, నిగనిగలాడుతూ, చూడ్డానికి బాగుంటుంది.

నా మొదటి గుడ్డ పది దాటింది. ఇరవై దాటింది. అలాగే కూర్చుంది నీళ్ళ మీద.

"రంగసామీ, ఇట్ల రా. ఇది ఏమి చేస్తా ఉండాది?"

"తేలతా ఉండాది అత్తా."

"ఎన్ని గంటలు ఉడికించినావు?"

"నాలుగు."

ఆమె నా మొహం చూడలేదు. చెంబులోకే చూస్తోంది. "గుడ్డ రెండు అంటా ఉండాది. నువ్వు నాలుగంటావు. నేను ఎవుర్ని నమ్మాల?"

చుట్టలు చుడుతున్న ఆడవాళ్ళు నవ్వారు. వాళ్ళలో సీత అనే పిల్ల, "గుడ్డను ఇడిసిపెట్టత్తా, ఆయన్నే చెంబులో ఎయ్యి" అంది. ఆ సీతే రెండేళ్ళకు నా భార్య అయింది. ఆ రోజు మొదలుపెట్టిన నవ్వు ఇప్పటికీ పూర్తిగా ఆపలేదు. గుడ్డ ఉడికింది రెండు గంటలే. మిగతా రెండు గంటలు నేను టీ కొట్టులో ఉన్నాను.

ఆడవాళ్ళ చేతులు ఆగకుండా ఉండాలంటే చెవులకు ఏదో ఒకటి పెట్టాలి. మధ్యాహ్నం గురవమ్మత్త కథలు చెప్పేది. దేవుళ్ళ కథలు కాదు, జరిగినవి. దొంగలవి, జమీందార్లవి, నాటకాల రాణులవి. ఆమె మొగుడు బతికినన్నాళ్ళూ కోర్టు బయట అర్జీలు రాసేవాడు. వాళ్ళ అవ్వ నాటకం కంపెనీలకు వంట చేసింది. ఇంక అరవ పేపరు ఆమె మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివేది. కథ ఎక్కడిదైనా సరే, మొదలుపెట్టే ముందు ఒక మాట చెప్పేది. "ఇది నేను చూసినది." లేదంటే, "ఇది అవ్వ చూసినది, నేను విన్నది." లేదంటే, "ఇది పేపర్లో చదివినది, రాసినోడు చూసినాడో లేదో నాకు తెలీదు." ఆ మాట చెప్పకుండా ఆమె నోట్లోంచి కథ వచ్చేది కాదు.

సేత్తూరు దొంగ కథ ఆమె చూసినది. ఒక ఇంటికి కన్నం వేయాలనుకున్నాడట వాడు. ఆ ఇంట్లో కుక్క ఉంది. వాడు తొందరపడలేదు. నెల రోజులు రోజూ పొద్దున్నే వచ్చి ఆ కుక్కకు పెరుగన్నం పెట్టాడు. నెల తిరిగాక పని ముగించాడు. కుక్క మొరగలేదు సరికదా తోక ఊపి సాగనంపింది. మర్నాడు పోలీసులు వచ్చి వీధంతా అడుగుతున్నారు. ఎవరూ ఏమీ చూడలేదు. పెరుగన్నం వేళ అయింది. కుక్క లేచి, ఒళ్ళు విరుచుకుని, నాలుగు వీధులు దాటి, దొంగ ఇంటి గడప ముందు కూర్చుంది. దాని వెనకాలే పోలీసులు.

"వాణ్ణి బాగా కొట్టినారా అత్తా?" అని అడిగాను.

"వాకిలి మూసినారు. అప్పురం నేను చూడలేదు. చూడనికాడ ఆపేయాల."

ఇంకొకటి అవ్వ చూసినది, అత్త విన్నది. నాటకాల్లో రాజు వేషం కట్టే పేరుమోసిన ఒకామె ఉండేదట. మూడు ఊళ్ళ అవతల నుంచి బండ్లు కట్టుకుని జనం వచ్చేవాళ్ళు. ఆమె నిండు చూలాలుగా ఉండి కూడా కవచం కింద గుడ్డ బిగించుకుని నాటకం ఆడుతోంది. యుద్ధం మధ్యలో నొప్పులు మొదలయ్యాయి. ఎదురుగా శత్రువు వేషంలో ఉన్నవాడు ఆమె మొహం చూసి సంగతి కనిపెట్టాడు. కథ ప్రకారం గెలవాల్సింది అతను. గెలవాలంటే ఇంకా ఎనిమిది పాటలున్నాయి. అతను కత్తి పారేసి, "నేను ఓడిపోయాను, నువ్వు అంతఃపురానికి పో" అన్నాడట. జనం గొడవ చేశారు. చెప్పులు విసిరారు. అతను ఆ చెప్పుల మధ్య నిలబడి, ఆ ఎనిమిది పాటలూ ఒక్కడే పాడాడు, లోపలి కేకలు బయటికి వినపడకుండా.

"మగబిడ్డా, ఆడబిడ్డా?" అన్నాను.

"అవ్వ చెప్పలేదు. నేను అడగలేదు."

సాయంత్రం టీ కొట్టులో నేను అదే కథ చెప్పినప్పుడు ఆమెకు స్టేజీ మీదే కవలలు పుట్టారు. నా తప్పు కొంతే, మిగతాది "అప్పురం?" అనే మాటది. తర్వాతేమైంది అని అరవంలో అడగడం అది. టీ గ్లాసు పట్టుకుని కళ్ళింతలు చేసుకుని ఎవరైనా "అప్పురం?" అంటే నాకు ఆగడం చేతకాదు. గురవమ్మత్త ఆగేది. ఆమె కథలు అయిదు నిమిషాల్లో అయిపోయేవి, నావి అరగంట సాగేవి. కాని ఆమె కథలు విన్నవాళ్ళకు పదేళ్ళ తర్వాత కూడా గుర్తున్నాయి.

ఆమె మాటకు షెడ్డు బయట కూడా విలువ ఉండేది. మా ఊళ్ళో పెద్ద ఇళ్ళవాళ్ళు తెల్ల వేటకుక్కలను పెంచుతారు. పాలలో ముంచి తీసినట్టు ఉంటాయి, ముక్కు మాత్రం గులాబి రంగు. ఏ కుక్క ఏ తల్లికి పుట్టింది, ఏ ఈతలో పుట్టింది అన్నది వాళ్ళకు మన పెళ్ళి సంబంధాలంత ముఖ్యం. అలాంటి తగువు వస్తే, మా షెడ్డు వీధి చివర ఉన్న పెద్దింటాయన గురవమ్మత్తకు కబురు పెట్టేవాడు. "ఆమె చూసినానంటే చూసినట్టే" అనేవాడు. వాళ్ళ ఇంటి వెనకే ఆమె కాపురం. ఆ కుక్కపిల్లలు కళ్ళు తెరవకముందే ఆమె వాటిని చూసేది.

ఇక షూటింగు దగ్గరికి వస్తాను. నర్సమ్మకు చెప్పినదాన్ని ఇక్కడ ఉడకబెట్టాలి.

సినిమావాళ్ళు పడమటి కొండ కింద ఏటి దగ్గర దిగారు. హీరో పక్కన కూర్చోవడానికి తెల్ల కుక్క కావాలన్నారు. పెద్దింటాయన మల్లి అనే కుక్కను పంపించాడు, దాన్ని చూసుకునే ముత్తయ్యను తోడిచ్చి. ముత్తయ్యది మంసాపురం. నా ఈడువాడే. పదేళ్ళుగా ఆ ఇంటి కుక్కల పనిలో ఉన్నాడు. ఆ ఇంటి వెనక రేకుల గదిలో పెళ్ళాం, ఇద్దరు పిల్లలు. మల్లి వాడి పెళ్ళాం చేతి అన్నం కూడా తినేది కాదు, వాడే పెట్టాలి.

పొద్దున పదింటికి సినిమా వాళ్ళ మనిషి ఒకడు కారులో మా షెడ్డుకు వచ్చి కట్టుగుడ్డ కావాలని తొందరపెట్టాడు. ఒక కట్ట కారులో వేసుకుని పోయాడు. ఇంకో కట్ట సైకిలు మీద నాతో పంపించారు. నేను తొక్కుకుంటూ చేరేసరికి అంతా అయిపోయింది. జనం గుమిగూడి ఉన్నారు. వాళ్ళ భుజాల సందుల్లోంచి నాకు కనబడింది ఇంత: కారులోకి ఎక్కిస్తున్న ఒక మనిషి జుట్టు, దాని కింద తెల్లటి కట్టు. ఆ కట్టు ముందు వెళ్ళిన కట్టలోది, నేను ఆరేసినదే, అంతవరకు నిజం. చుట్టింది కంపెనీ డాక్టరు. నా పేరు ఎవరూ అడగలేదు. నేను తీసుకుపోయిన కట్టను ఎవరూ విప్పలేదు, దాన్ని మళ్ళీ సైకిలు మీద వెనక్కి తెచ్చాను.

ఇంకొకటి కూడా కనబడింది. ఏటి ఒడ్డున రాతికి కట్టేసిన మల్లి. దాని తెల్లటి మూతి మీద ఎర్రగా నెత్తురు.

జరిగినది తర్వాత ముత్తయ్య చెప్పగా తెలిసింది. పాచి పట్టిన రాయి మీద హీరో కాలు జారింది, నొసలు రాతికి తగిలింది. పక్కనున్న మల్లి ఉలిక్కిపడి, ముత్తయ్య చేతిలోంచి గొలుసు లాక్కుని పోయి, పడినవాడి నొసలు నాకింది. అంతే. హీరోకు మొహం మీద దెబ్బ తగిలిందని బయటికి తెలియకూడదని కంపెనీ వాళ్ళు అప్పటికప్పుడు సామాను సర్దుకుని మదరాసు పోయారు. దగ్గరగా చూసినవాళ్ళంతా వాళ్ళే. ఊళ్ళో మిగిలింది ముత్తయ్య, దూరంగా గట్టు మీద కొంతమంది జనం, నేను.

సాయంత్రం టీ కొట్టులో, "కుక్క కరిచినది. నేను కళ్ళారా చూసినాను" అన్నాను.

"అప్పురం?" అన్నారు.

హీరో ముత్తయ్యను కసిరాడన్నాను. అప్పురం? ముత్తయ్య మొహం మాడ్చుకున్నాడన్నాను. అప్పురం? వాడు గొలుసు చేతిలోంచి కావాలనే వదిలాడన్నాను. కొట్టంతా నిశ్శబ్దమైంది. అంత మంచి నిశ్శబ్దం నా కథకు అంతకుముందు ఎన్నడూ రాలేదు. ఎవరో నా కోసం రెండో టీ చెప్పారు.

రెండు రోజుల్లో అది పెద్దింటికి చేరింది. ఆ ఇళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. అతిథిని కరిచిన కుక్కను ఉంచరు. అమ్మరు, ఎవరికీ ఇవ్వరు. కొండ కిందికి తీసుకుపోయి కాల్చేస్తారు, ఆ రక్తం ముందుకు సాగకూడదని. శుక్రవారం పొద్దున అని చెప్పేశారు. ముత్తయ్యను పనిలోంచి తీసేశారు. రేకుల గది ఖాళీ చేసి, గిన్నెలు, పిల్లలు, పెళ్ళాంతో వాడు మంసాపురం బస్సెక్కాడు.

బుధవారం మధ్యాహ్నం వాడు మళ్ళీ బస్సులో వచ్చి షెడ్డు వాకిట్లో నిలబడ్డాడు. కొడతాడనుకుని కాగు వెనక్కి జరిగాను. వాడు చేతులు కట్టుకుని అడిగాడు.

"అన్నా, నువ్వు చూసినావంట. నేను గొలుసు ఇడిసింది చూసినావా? నా చేతిలోనుంచి అదే లాక్కోని పోయినట్టే నాకు గుర్తు. మూడు పొద్దులుగా తలచుకుంటా ఉండా. ఒకవేళ నేనే ఇడిసినానేమో. నువ్వు చూసినోడివి కదా, అందుకని అడుగుతా ఉండా."

వాడు నా మీద తగువుకు రాలేదు. నా కథ విని తన చేతిని తానే అనుమానించుకుంటున్నాడు. "దూరంగా ఉంటిని... అట్లనే ఉండింది" అన్నాను. వాడు తల ఊపాడు. "సరి అన్నా. అట్లయితే నేనే ఇడిసి ఉంటాను. మల్లి తప్పు లేదని పెద్దాయనకు చెప్తాను. అది చావకుంటే చాలు" అని వెనక్కి తిరిగాడు.

"ముత్తయ్యా, అట్లనే ఉండు." గురవమ్మత్త లోపలి నుంచి వచ్చింది. చేతిలో చెంబు లేదు, అయినా ఉన్నట్టే నడిచింది. "రంగసామీ, హీరోకు కట్టు ఏడ కట్టినారు?"

"నొసట."

"కరిచేటప్పుడు ఆయన నిలబడి ఉండినాడా, పండుకోని ఉండినాడా?"

"నిలబడి."

"నిలబడిన మనిషికి కాలుంది, చెయ్యుంది. కుక్క అవి రెండూ ఇడిసిపెట్టి, ఎగిరి నొసలు కరిచినాదా?"

లోపల చుట్టల చప్పుడు ఆగిపోయింది. కథ మధ్యలో ఆడవాళ్ళ చేతులు ఆగడం ఆ షెడ్డులో అదే మొదటిసారి.

"చూసినావా? విన్నావా? అనుకున్నావా?"

"అనుకున్నాను అత్తా."

ఆమె నన్ను తిట్టలేదు. "నువ్వు అనుకున్నదానికి వాడు వాడి చేతిని నమ్మకుండా పోతా ఉండాడు. రేపు పొద్దున పెద్దాయన దగ్గరికి పోతాము" అంది.

గురువారం పోయాము. గురవమ్మత్త, నేను, ఆమెకు ఎండ పడదు కాబట్టి గొడుగు పట్టుకుని వెనక సీత. గేటు దగ్గర చెప్పులు విడిచాను. నా సంగతి ఒకటి చెప్పాలి: మా నాయన పెద్దింటాయన కొబ్బరితోటలో కాపలా ఉండేవాడు. మేముండే ఇల్లు కూడా ఆ తోటలోదే. నేను నోరు తెరిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. అయినా తెరిచాను. పెద్దాయన వరండాలో పేము కుర్చీలో కూర్చుని ఉన్నాడు. స్తంభానికి మల్లి కట్టేసి ఉంది, ముందున్న అన్నం ముట్టలేదు. నేను చేతులు జోడించి, "అయ్యా, కరిచినది నేను చూడలేదు. గొలుసు ఇడిసింది చూడలేదు. నేను పోయేసరికి అంతా అయిపోయింది. మిగతాది నేను కల్పించినది" అన్నాను.

ఆయన లోపలికి తిరిగి, "ముత్తయ్యను పిలిపించండి" అని కేకేశాడు. మళ్ళీ ఇటు తిరిగి, "ఇంక ఈ ఊళ్ళో ఏ సంగతికీ నీ మాట నేను అడగను" అన్నాడు. వారం రోజులు నాకు అన్నం దిగలేదు ఆ మాటకు.

మల్లి బతికింది. మూడు ఈతలు ఈనింది. ముత్తయ్య ముసలివాడయ్యేదాకా ఆ ఇంట్లోనే ఉన్నాడు. ఊరు మాత్రం కరిచిన కథనే నమ్మింది. నేను ఎన్నిసార్లు టీ కొట్టులో నిలబడి కరవలేదురా, నాకింది అంతే అని చెప్పినా, "అప్పురం?" అని అడిగినవాడు లేడు. నిజాన్ని కూడా బాగా చెప్పడం నేర్చుకోవాలని అప్పుడే తెలిసింది. అందుకోసమే గురవమ్మత్త దగ్గర మళ్ళీ చెవులు పెట్టి కూర్చోవాలనుకున్నాను. కాని ఆమె కథలు ఆ ఏడాదే ఆగిపోయాయి. దూది ధూళి ఛాతీకి పట్టిందని, గొంతు సాగడం లేదని అనుకున్నాము. గుడ్డను నీళ్ళలో వేసి పది లెక్కపెట్టడం మాత్రం చివరిదాకా మానలేదు.

పని మానుకున్న రోజు ఆమె చెంబులోని నీళ్ళు వాకిట్లో పారబోసి, కొంగుతో తుడిచి, నా చేతిలో పెట్టింది. "కథలు ఇంక నువ్వు చెప్పుకో. చెప్పే ముందు దీంట్లో వేసి చూడు" అంది. ఆమె పోయి ఇరవై ఏళ్ళు దాటింది. చెంబు నా దగ్గరే ఉంది. మనవలకు కథ చెప్పేటప్పుడు పక్కన పెట్టుకుంటాను. "ఇది చూసినది", "ఇది విన్నది" అని మొదలుపెడతాను. వాళ్ళు మధ్యలో "అప్పురం?" అంటే ఒక్కోసారి ఆగుతాను, ఒక్కోసారి జారతాను. జారినప్పుడు మర్నాడు పిలిచి చెబుతాను, నిన్న కవలలు పుట్టలేదురా అని. నర్సమ్మకు కూడా కట్టు మార్చుకోవడానికి పోయినప్పుడు చెప్పాను. హీరో నా పేరు అడగలేదమ్మా అన్నాను. ఆ పిల్ల నవ్వి, "తెలుసు తాతా" అంది. గురవమ్మత్త నాకిచ్చిపోయింది ఇదే. తేలినదాన్ని మళ్ళీ కాగులో వేసే అలవాటు.

ఇంతవరకు రాసి సీతకు చదివి వినిపించాను. ఆమెకు తెలుగు చదవడం రాదు. మునగాకు దూస్తూ విన్నది. అయిపోయాక పది లెక్కపెట్టేంత సేపు మాట్లాడలేదు.

"బాగుండాది. పెద్దాయన ముందర నువ్వు నోరు తెరిచినది ఎప్పుడు?"

"గురువారం. నువ్వూ ఉంటివి కదా, గొడుగు పట్టుకోని."

"ఉంటిని. అందుకే అడుగుతా ఉండా." ఆకు దూయడం ఆపలేదు. "నువ్వు చెప్పులు చేతిలో పట్టుకోని గేటు కాడనే నిలబడినావు. లోపలికి ఒక్క అడుగు వేయలేదు. అత్త తిరిగి తిరిగి నీ దిక్కు చూసినాది. మీ నాయన తోట కాపలా పోతుందని ఆమెకు తెలుసు. 'కుక్క కరిచినాదని షెడ్డులో చుమ్మా నవ్వులాటకు చెప్పింది నేను, ఆ పిల్లోడు నిజమనుకోని మోసినాడు' అని చెప్పేసినాది. ఇంక నీ మాట అడగనని పెద్దాయన అన్నది నీతో కాదు, అత్తతో. ఆమె ఛాతీకి ఏ ధూళీ పట్టలేదు. దావలో నాతో చెప్పినాది, అబద్దం పలికిన నోటితో ఇంక కథ చెప్పనని. ఇది నేను చూసినది. రాయి."